తలకిందులు

ఆటోనగర్ ఐదో రోడ్డులో
మా బండిని చూసి మొదటివాడు నవ్వాడు.
రెండోవాడు టైరు తన్ని చూశాడు.
నాగుల్‌మీరా ఒక్కడే
చెప్పులు మెట్టు దగ్గర విడిచి లోపలికొచ్చాడు.
"ఇల్లేగా మరి" అన్నాడు.

ఇరవయ్యారేళ్లు బెజవాడ–గుంటూరు నాన్‌స్టాప్ తోలాను.
వారధి ఎక్కడం, మంగళగిరి దాటడం,
గుంటూరు బస్టాండులో టీ తాగి వెనక్కి తిప్పడం.
లెక్క కడితే భూగోళం చుట్టూ నలభైసార్లు.
చూసింది మాత్రం ముప్పయ్యైదు కిలోమీటర్లు.

రిటైరయ్యాక ఓ పాత స్కూలు బస్సు కొన్నాను.
సీట్లు పీకి మంచం, సింకు, స్టవ్వు,
మద్రాసు స్క్రాపులో దొరికిన చిన్న ఫ్రిజ్జు.
కిటికీ కింద మేకుతో గీకిన పేరొకటి ఉంది:
లిఖిత, నాలుగు బి.
మంగతాయారు దానికి రంగు వెయ్యనివ్వలేదు.

అన్నీ పనిచేశాయి. ఫ్రిజ్జే మొరాయించింది.

"కంప్రెసర్ ఏది బాబాయ్?"
లేదన్నాను.
"మోటారు?"
అదీ లేదు.
వెనక, అడుగున
చిటికెన వేలంత గ్యాసు మంట వెలిగించి చూపించాను.
నా మొహం చూశాడు, మా ఆవిడ మొహం చూశాడు,
ఇద్దర్లో ఎవరికి పిచ్చో తేల్చుకుందామని.
"నిప్పు పెడితే మంచు కడుద్దా?"

రోహిణీ కార్తె. రోళ్లు పగిలే ఎండ.
బస్సు టాపు మీద అట్టు పోయొచ్చు.
ఐసు డబ్బాలో, తడిగుడ్డ కింద
తాయారు ఇన్సులిన్ సీసాలు నాలుగు.
ఎవరడిగినా మాత్రం
"పెరుగు పులిసిపోతోందండీ, అందుకే ఫ్రిజ్జు" అంటుంది.

వెనక రేకు ఊడదీశాడు.
పేగుల్లా చుట్టుకున్న గొట్టాలు.
ముక్కు దగ్గరపెట్టి చూశాడు, ఘాటు లేదు.
వేలితో తడిమాడు, పసుప్పచ్చ పొడి అంటలేదు.
"కారలేదు. లోపలెక్కడో అలిగి కూచుంది."
జెట్టు విప్పి స్పిరిట్‌లో నానేశాడు.
పొగగొట్టంలోంచి గుప్పెడు మసి రాలింది,
మసితోపాటు ఓ కందిరీగ కట్టుకున్న మట్టిగూడు.

అయినా చల్లబడలేదు.

సాయంత్రం, కోయంబత్తూరులో కారవాన్లు కట్టే
పాత శిష్యుడెవరితోనో అరగంట ఫోన్లో అరిచి వచ్చాడు.
"తిరగెయ్యాలంట. రాత్రంతా తలకిందులుగా."
తేన్పు రాని పసివాణ్ణి
భుజాన వేసుకోవడం లాంటిదేనట.

పక్క షెడ్డు వెల్డరు ఇస్రాయేలు ఓ పక్క,
మేమిద్దరం ఓ పక్క.
గోనెసంచి మీద బోర్లించాం.
నేను దాని పక్కనే చాపేసుకున్నాను.
ఒంటిగంటకేమో
గుళుక్.
తాయారు లేచి కూచుంది:
"మీ కడుపా, దాందా?"
మళ్లీ చాలాసేపు ఏమీ లేదు.
లారీల మధ్య ఎక్కడో కుక్క.
గుళుక్. గుళుక్.
పూర్వం నాతో మాట్లాడేందుకు
ఇంజనుండేది. ఇప్పుడిది.

తెల్లారి నిలబెట్టి, మధ్యాహ్నం దాకా ముట్టుకోలేదు.
తర్వాత వాడు తాపీమేస్త్రీల
నీళ్ల గొట్టం తెచ్చి మట్టం చూశాడు.
వెనక చక్రం కింద రెండు ఇటుకముక్కలు.
"వంకర నేల మీద ఆపితే ఇది పనిచెయ్యదు బాబాయ్.
ఎక్కడాగినా ముందు నేల చూస్కో."
ఇన్నేళ్లూ రోడ్డు చూశాను.
నేలెప్పుడు చూశానని!

మంట పెట్టాం.
వెనక వేడి. లోపల ఏమీ లేదు.
ఇంకా ఏమీ లేదు.
చీకటి పడ్డాక నాగుల్‌మీరా లోపల చెయ్యి పెట్టి
తియ్యలేదు.
ఇస్రాయేలొచ్చి వాడూ పెట్టాడు.
అలా ఉండిపోయారిద్దరూ, భుజాల దాకా మసితో,
ఏదో వింటున్నట్టు.

తాయారు ఐసు డబ్బాలోంచి
సీసాలు ఒక్కొక్కటే తుడిచి పై అరలో పెట్టింది.
"పెరుగు తర్వాత పెడదాం" అంది, ఎవరూ అడక్కుండానే.
నాగుల్‌మీరా స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ
అటు తిరిగాడు.
డబ్బులు లెక్కపెట్టుకుని ఇరవై వెనక్కిచ్చాడు.

వారధి దాటేసరికి వెలుగొచ్చింది.
కొత్త ఊరికే బయల్దేరాం, పేరు కూడా అనుకున్నాం.
చేతులు మాత్రం అలవాటుగా గుంటూరు లోపలికే తిప్పాయి.
తాయారు నవ్వాపుకుంది.

బస్టాండు ఎదురుగా ముందు నేల చూసి ఆపాను.
టీ కొట్టతను గ్లాసు అందిస్తూ, ఎప్పటిలాగే,
"తిరుగు ఎన్నింటికి?" అన్నాడు.

తెలీదన్నాను.